గ్రంథాలయాలకు సాఫ్ట్‌వేర్ రాయితీ: మనం సర్కారు సంస్థలమా, సేవా సంస్థలమా?

సిరోంచ కార్యదర్శి (గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్కారం. సిరోంచలో ఒక చిన్న సార్వజనిక వాచనాలయానికి (ప్రజా గ్రంథాలయానికి) కార్యదర్శిగా ఉన్నాను. మరాఠీ పుస్తకాలు, తెలుగు పుస్తకాలు రెండూ ఉన్నాయి. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు నుంచి కూడా పాఠకులు వస్తారు. మహారాష్ట్ర గ్రంథాలయ సంచాలనాలయం గుర్తింపు 'క' తరగతిలో ఉంది, అనుదానం (సర్కారు గ్రాంటు) అందుతుంది. సంస్థ 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందా, 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం కిందా నమోదైంది.

మా హాల్లో ఐదు కంప్యూటర్లు ఉన్నాయి. పోలీసు భర్తీకి, తలాఠీ (గ్రామ రెవెన్యూ ఉద్యోగి) పరీక్షకు చదివే పిల్లలే వాటిని ఎక్కువగా వాడతారు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మద్దతు ఆగిపోయింది. కొత్త విండోస్, ఆఫీసు కలిపి దుకాణదారు ఇచ్చిన కొటేషన్ చూస్తే ఈ ఏడు పుస్తకాలు కొనడం మానుకోవలసిందే. లాభాపేక్ష లేని సంస్థలకు తక్కువ ధరకు ఇస్తారని విని ఒక కంపెనీ దరఖాస్తు తెరిచాను. మొదటి ప్రశ్నే 'మీది ప్రభుత్వ సంస్థా?' అని. అనుదానం తీసుకుంటున్నాం కదా, అవునని రాయాలా? ఎవరైనా దారి చూపండి.

కోహా అభిమాని (చంద్రపూర్)

కార్యదర్శి గారూ, దరఖాస్తు పక్కన పెట్టండి. విండోస్‌కు బదులు ఉబుంటు ఉచితం, ఎంఎస్ ఆఫీసుకు బదులు లిబ్రేఆఫీసు ఉచితం. పుస్తకాల జాబితాకు కోహా ఉంది. న్యూజిలాండ్‌లో ఒక గ్రంథాలయ ట్రస్టు కోసమే తయారై 2000 జనవరి నుంచి నడుస్తోంది. మన హైదరాబాదులో పుట్టిన న్యూజెన్‌లిబ్ కూడా 2008లో ఓపెన్ సోర్స్ అయింది. ఎవరి దగ్గరా 'మేం సేవాసంస్థ, దయచూపండి' అని చేయి చాచనక్కరలేదు.

బల్లార్‌పూర్ ఆడిటర్

ముందు అసలు ప్రశ్నకు జవాబు. కాదు అని రాయండి. అనుదానం తీసుకున్నంత మాత్రాన సంస్థ సర్కారుది అయిపోదు. మీ కార్యవర్గాన్ని సభ్యులు ఎన్నుకుంటారు, ఆస్తి సంస్థ పేరున ఉంటుంది, లెక్కలు ఛారిటీ కమిషనర్‌కు సమర్పిస్తారు. మహారాష్ట్రలో 1967 నాటి గ్రంథాలయాల చట్టం కింద గుర్తింపు పొందినవాటిలో అత్యధికం ఇలా సొసైటీలు నడిపేవే. ప్రభుత్వం గుర్తించి డబ్బు ఇస్తుంది, అంతే. దరఖాస్తులో 'అవును' మీద టిక్కు పెడితే చాలా కంపెనీల ఫారం అక్కడే మూసుకుంటుంది.

గూగుల్ తన లాభాపేక్ష లేని సంస్థల పథకంలోకి ప్రభుత్వ సంస్థలను, ఆసుపత్రులను, బడులను, కళాశాలలను రానివ్వదు. మైక్రోసాఫ్ట్ పద్ధతి వేరు. సేవాసంస్థలకు ఒక వర్గం, పబ్లిక్ లైబ్రరీలకు ప్రత్యేకంగా మరో వర్గం ఉన్నాయి. అయితే ఆ రెండో దానికి నిర్వచనం గట్టిది: ఒక ఊరి, జిల్లా లేదా ప్రాంతపు నివాసులందరికీ సాధారణ గ్రంథాలయ సేవలు *రుసుము లేకుండా* అందించాలి.

ఇక్కడే మన వాచనాలయాలు చిక్కుకుంటాయి. మీరు డిపాజిట్ తీసుకుంటారు, నెలవారీ వర్గణి (చందా) తీసుకుంటారు. పత్రికలు చదివే హాలు ఉచితం, పుస్తకం ఇంటికి తీసుకెళ్లాలంటే సభ్యత్వం కావాలి. కాబట్టి 'పబ్లిక్ లైబ్రరీ' అన్న పేరు చూసి ఆ గడిలోకి దూకకండి. సేవాసంస్థ గడిలోకి వెళ్లండి. అక్కడ వర్గణి వసూలు చేయడం నేరం కాదు, లాభం పంచుకోకపోవడమే ముఖ్యం.

ఆ గడికి కావలసిన కాగితాలు ఇవి: సొసైటీ రిజిస్ట్రేషన్, ట్రస్టు రిజిస్ట్రేషన్, సంస్థ పేరున పాన్, బైలా (నియమావళి), ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏబీ నమోదు. చివరిది మీకు ఉందా?

సిరోంచ కార్యదర్శి

12ఏబీ లేదు సార్. 'మీకు పన్ను పడేంత ఆదాయం ఎక్కడిది, ఎందుకు?' అని పాత ఆడిటర్ చేయించలేదు.

బల్లార్‌పూర్ ఆడిటర్

పన్ను కోణంలో ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. కానీ సంస్థ లాభాపేక్ష లేనిదేనని బయటివాళ్లు నమ్మడానికి మన దేశంలో ఎక్కువగా అడిగేది ఆ కాగితమే. ఆదాయపు పన్ను పోర్టల్‌లో నమోదు ఫారం (1961 చట్టం కింద దాని పేరు 10ఏ) నింపాలి. సర్కారు రుసుము లేదు. కొత్తగా నమోదయ్యేవారికి మొదట మూడేళ్ల తాత్కాలిక నమోదు వస్తుంది, 16 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఇస్తారు. మీది ఎప్పటి నుంచో నడుస్తున్న సంస్థ కనుక ఏ ఫారం, ఏ ఉపవిభాగం అన్నది పత్రాలు చూసి తేల్చాలి. అక్కడ పొరపడితే దరఖాస్తు తిరిగి వస్తుంది. 5 కోట్ల లోపు ఆదాయం ఉన్న సంస్థలకు 2025 ఏప్రిల్ నుంచి పక్కా నమోదు గడువును ఐదేళ్ల నుంచి పదేళ్లకు పెంచారు. మీలాంటివారికి అది పెద్ద ఊరట. ఒక హెచ్చరిక: 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాంతో సెక్షన్ల అంకెలు మారతాయి. విదేశీ కంపెనీల ఫారాల్లో మాత్రం ఇంకా 12ఏ (12ఏబీకి పాత రూపం), 80జీ (దాతలకు పన్ను రాయితీ ఇచ్చే సెక్షన్) అనే కనిపిస్తే కంగారు పడకండి.

పనిలో పనిగా నీతి ఆయోగ్ వారి సేవాసంస్థల పోర్టల్ ఎన్‌జీవో దర్పణ్‌లో కూడా నమోదవండి. అదీ ఉచితమే. కార్యవర్గ సభ్యుల పాన్, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ధర్మాబాద్ టీచర్ (నాందేడ్ జిల్లా)

ఆడిటర్ గారి మాట మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం. మా వాచనాలయంలో ఎవరైనా వచ్చి రోజంతా కూర్చుని ఏ పుస్తకమైనా చదువుకోవచ్చు, పైసా అడగం. డిపాజిట్ తిరిగి ఇచ్చేదే. ఇది 'రుసుము లేకుండా' కిందికి ఎందుకు రాదు?

బల్లార్‌పూర్ ఆడిటర్

రావచ్చు కూడా. కానీ ఆ మాట మీ బైలాలో ఎక్కడ ఉంది? దరఖాస్తు చూసే మనిషి ఎక్కడో కూర్చుని మీరు పెట్టిన పీడీఎఫ్ చదువుతాడు, మీ హాలు చూడడు. నా దగ్గరికి వచ్చిన వాచనాలయాల బైలాల్లో 'సభ్యుల ఉపయోగార్థం గ్రంథాలయం నడపడం' అన్న వాక్యమే ఎక్కువగా కనిపిస్తుంది. అది చట్టవిరుద్ధమేమీ కాదు. 1860 చట్టం 20వ సెక్షన్ చదవండి: సభ్యుల వాడుక కోసమైనా, ప్రజలందరికీ తెరిచి ఉంచినా గ్రంథాలయాన్ని, పఠన మందిరాన్ని సొసైటీగా నమోదు చేసుకోవచ్చు. మన చట్టం రెంటినీ ఒకేలా చూస్తుంది, సాఫ్ట్‌వేర్ కంపెనీ చూడదు. సభ్యుల కోసమే అని రాసి ఉంటే దాని దృష్టిలో మీది క్లబ్బు.

బరంపురం రీడింగ్ రూమ్ (గంజాం జిల్లా, ఒడిశా)

ఈ ముక్క మాకు సూటిగా తగిలింది. మాది తెలుగువారి సంఘం, అందులో ఒక పఠన మందిరం ఉంది. మా ఉద్దేశాల్లో మొదటిది 'నగరంలోని తెలుగువారి విద్యా, సాంస్కృతిక అభివృద్ధి'. ఒక కంపెనీకి రాయితీ కోసం రాస్తే, మీరు వివక్ష లేకుండా సేవ చేస్తారని ధ్రువీకరించండి అన్నారు. సంతకం పెట్టబోతే కోశాధికారి ఆపారు. ఒడియా పిల్లవాడు వచ్చి సభ్యత్వం అడిగితే ఇస్తామా? నిజం చెప్పాలంటే ఇస్తున్నాం, చాలామంది వస్తున్నారు. కాగితం మీద మాత్రం లేదు. మా పెద్దలు దీన్ని మార్చడానికి ఒప్పుకోరు. తెలుగు సంఘం తెలుగువారిది కాకపోతే ఇంకెవరిది అంటారు.

పర్లాకిమిడి పాఠకురాలు (గజపతి జిల్లా)

పెద్దల మాటను తేలిగ్గా తీసేయకండి అన్నయ్యా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి మా ఊరు ఇటు వచ్చాక, తెలుగు చదువు నిలబడిందంటే ఇలాంటి సంఘాలు, చదువు గదుల వల్ల కూడా. గిడుగు రామమూర్తి గారు పనిచేసిన ఊరు ఇది. నాలుగు లైసెన్సుల కోసం సంఘం పేరులోంచి తెలుగును తీసేయమంటే నేనూ ఒప్పుకోను.

అలా తీయనక్కరలేదు కూడా. సంఘం ఉద్దేశం తెలుగు భాషాభివృద్ధి అని ఉంచుకుని, పఠన మందిరం మాత్రం 'కుల, మత, భాషా భేదం లేకుండా అందరికీ' అని ఒక వాక్యం చేర్చవచ్చు. భాషకు సేవ చేయడం వేరు, తలుపు దగ్గర మనుషులను వేరుచేయడం వేరు.

బల్లార్‌పూర్ ఆడిటర్

సరిగ్గా చెప్పారమ్మా. ఇది కంపెనీల కోసం మాత్రమే కాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 13(1)(బి) ప్రకారం ఒక మతానికో కులానికో మేలు చేయడానికి పెట్టిన ట్రస్టుకు మినహాయింపు దక్కదు. తెలుగు సంఘాలకు ఆ సెక్షన్ సూటిగా వర్తించదు గానీ, కుల సంఘాల గ్రంథాలయాలు మన వైపు చాలానే ఉన్నాయి. వారు తప్పకుండా చూసుకోవాలి.

పర్లాకిమిడి పాఠకురాలు

ఇంతకీ నేను రాద్దామనుకున్నది వేరే సంగతి. మా చదువు గది దరఖాస్తు ఆగిపోయింది దేనివల్లో తెలుసా? ఊరి పేరు వల్ల! పాత రిజిస్ట్రేషన్ పత్రం మీద పర్లాకిమిడి అని ఇంగ్లీషులో ఒక వరుస అక్షరాలు. పాన్ కార్డులో సంస్థ పేరు 'పారలాఖెముండి' అని మరో వరుస. బ్యాంకు పుస్తకంలో మూడోది. పైగా ఒక పత్రం ఒడియాలో. తనిఖీ చేసేవాళ్లు ఇవి మూడు సంస్థలని అనుకున్నారు. వాళ్ల తప్పు ఏముంది, చూడగానే నేనూ అలాగే అనుకునేదాన్ని.

నోటరీ చేత అనువాదం చేయించి, 'ఈ మూడు పేర్లూ ఒకే సంస్థవి' అని అఫిడవిట్ జతచేశాం. పాన్‌లో దిద్దుబాటుకు కూడా పెట్టాం. ఆ పాన్ కార్డు వచ్చాకే మళ్లీ పంపాం, ఈసారి మారు మాట లేకుండా ఆమోదించారు. కనుక ఏ కంపెనీ పోర్టల్ తెరిచేముందైనా మీ కాగితాలన్నీ బల్ల మీద పరిచి పేరును అక్షరం అక్షరం పోల్చండి. గ్రంథాలయ, గ్రంధాలయం, వాచనాలయ, చివర 'ఎం' ఉందా లేదా, 'శ్రీ' ముందుందా లేదా, అన్నీ.

బరంపురం రీడింగ్ రూమ్

బరంపురం, బ్రహ్మపుర! మాకూ అదే గతి అన్నమాట. ఈ రాత్రే చూస్తాను.

అవతలి ఒడ్డు లైబ్రేరియన్ (తెలంగాణ)

చర్చ సరిహద్దు జిల్లాలది అయినా నది అవతలి నుంచి ఒక మాట. మాది జిల్లా గ్రంథాలయ సంస్థ కింది శాఖా గ్రంథాలయం. 1960 చట్టం, ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను, దాంతోనే నడుస్తాం. మా శాఖకు విడిగా చట్టబద్ధమైన ఉనికి లేదు కాబట్టి నేను దరఖాస్తు పెట్టలేను, పెడితే జిల్లా సంస్థ పెట్టాలి. గూగుల్ తలుపు మాకు మూసినట్టే. మైక్రోసాఫ్ట్ వారి పబ్లిక్ లైబ్రరీ వర్గం మాకు సరిపోతుంది. పుస్తకాల జాబితాకు కేంద్ర ప్రభుత్వ ఎన్‌ఐసీ వారి 'ఈ-గ్రంథాలయ' సాఫ్ట్‌వేర్ ఉచితం. సిరోంచ వారిని చూస్తే నాకు కొంచెం అసూయే. మీ చేతిలో మీ పాన్ ఉంది.

అన్నట్టు, అమెరికాలో పద్ధతి చూడండి. అక్కడ మ్యూజియంలు, గ్రంథాలయాల ఫెడరల్ సంస్థ ఒకటి దేశంలోని పబ్లిక్ లైబ్రరీల జాబితా ఉంచుతుంది. ఆ జాబితాలో పేరుంటే టెక్‌సూప్‌లో (సేవాసంస్థలకు రాయితీ సాఫ్ట్‌వేర్ అందించే సంస్థ) అర్హతకు చాలు, విడిగా సేవాసంస్థ హోదా చూపనక్కరలేదు. మనకు అలాంటి ఒక్క జాబితా ఉంటే ఈ చర్చ ఇంత పొడుగు అయ్యేది కాదు.

గుణుపురం విద్యార్థి (రాయగడ జిల్లా)

మా కళాశాల గ్రంథాలయం కూడా ఇలా అడగవచ్చా?

బల్లార్‌పూర్ ఆడిటర్

కూడదు. కళాశాలది విద్యాసంస్థల రాయితీ, అది వేరే ఫారం. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ అయితే విశ్వవిద్యాలయ గ్రంథాలయాల కోసం పనిచేసే గాంధీనగర్ ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి 'సోల్' చూడమనండి.

సిరోంచ కార్యదర్శి

అందరికీ ధన్యవాదాలు. 12ఏబీ పని మొదలుపెట్టిస్తున్నాను. ఈలోగా, రాయితీ వస్తే అసలు ఏం దొరుకుతుంది? పిల్లలు కూర్చునే కంప్యూటర్లలో వేసుకోవచ్చా?

కోహా అభిమాని

నన్ను పిలవలేదు గానీ వచ్చాను. రాయితీ వెనుక పరుగెత్తేవాళ్లు చదవని చిన్న అక్షరాలు ఇవీ.

ఒకటి: మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పది బిజినెస్ ప్రీమియం సీట్లు (ఆఫీసు ఖాతాలు) 2025 జూలై నుంచి ఆపేశారు. ఇప్పుడు ఉచితంగా మిగిలింది బిజినెస్ బేసిక్, 300 మంది దాకా. మిగతావి రాయితీ ధరకు. బేసిక్‌లో వర్డ్, ఎక్సెల్ బ్రౌజర్‌లోనే నడుస్తాయి, కంప్యూటర్‌లోకి దిగవు. వర్షాకాలంలో సిరోంచ ఇంటర్నెట్ సంగతి మీకే తెలుసు.

రెండు: ఆ ఖాతాలు మీ సిబ్బందికి, కార్యకర్తలకు. పాఠకులకు పంచడానికి కాదు. హాల్లో పిల్లల కోసం అంటే కంప్యూటర్‌కు వేసే లైసెన్సు విడిగా అడగాలి.

మూడు, ఇది అందరూ పొరపడే చోటు: సేవాసంస్థలకు తక్కువ ధరకు ఇచ్చే విండోస్ లైసెన్సు *అప్‌గ్రేడ్* మాత్రమే. ఆ కంప్యూటర్‌లో ముందే అసలైన విండోస్ ఉండాలి. కంప్యూటర్ కూర్చిన కుర్రవాడు పెన్‌డ్రైవ్‌లోంచి వేసిన దొంగ విండోస్ మీద ఆ లైసెన్సు చెల్లదు.

నాలుగు: ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్ అయితే విండోస్ 11 అధికారికంగా ఎక్కదు. లైసెన్సు ఊరికే ఇచ్చినా ఏం చేసుకుంటారు? ముందు డబ్బా మీద స్టిక్కర్ చూడండి.

సిరోంచ కార్యదర్శి

ఇప్పుడే హాలుకు వెళ్లి చూశాను. రెండు కంప్యూటర్లు పదో తరం, వెనుక విండోస్ స్టిక్కర్ కూడా ఉంది. మిగతా మూడు ఒక దాత ఇచ్చినవి, నాలుగో తరం. వాటి లోపల ఉన్న విండోస్ ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి.

కోహా అభిమాని

అయితే ఆ రెంటికీ కొనవలసింది ఏమీ లేదు. అసలైన విండోస్ 10 ఉంటే 11కు మారడం ఉచితం. మూడింటికి ఉబుంటు వేయండి. విండోస్ కోసం మీరు ఎవరినీ రాయితీ అడగనక్కరలేదు.

ధర్మాబాద్ టీచర్

ఉబుంటు వేయండి అనడం సులువు. మహారాష్ట్రలో చాలా సర్కారు ఉద్యోగాలకు వెళ్లే పిల్లవాడికి ఎంఎస్‌-సీఐటీ (కంప్యూటర్ పరిజ్ఞాన కోర్సు) వంటి ధ్రువపత్రం కావాలి. 2001 నుంచి నడుస్తున్న కోర్సు అది, అందులో నేర్పేది విండోస్, ఎంఎస్ ఆఫీసు. లిబ్రేఆఫీసులో సాధన చేసిన పిల్లవాడు పరీక్ష గదిలో మెనూ వెతుక్కుంటూ కూర్చుంటాడు. నేను కళ్లారా చూశాను. ఊళ్లో శిక్షణకు డబ్బు కట్టలేనివాళ్లే వాచనాలయానికి వస్తారు. వాళ్ల మీద మన సిద్ధాంతాలు రుద్దడం నాకు నచ్చదు.

కోహా అభిమాని

రుద్దడం ఏమీ లేదు మాస్టారూ. సాధన చేసేవాళ్లకు ఆ రెండు విండోస్ కంప్యూటర్లు, సమయం రాసుకునే పుస్తకం పెడితే సరి. వాటికి ఆఫీసు రాయితీలో అడగండి, నేను అడ్డం రాను. పేపర్లు, నోటిఫికేషన్లు చూసేవాళ్లకు, దరఖాస్తులు నింపేవాళ్లకు బ్రౌజర్ చాలు. ఫైర్‌ఫాక్స్ ఉబుంటులోనూ అదే ఫైర్‌ఫాక్స్.

ధర్మాబాద్ టీచర్

ఆ మాత్రం అయితే ఒప్పుకుంటాను.

పర్లాకిమిడి పాఠకురాలు

కార్యదర్శి గారూ, ఇంకొకటి. గూగుల్ వారి సేవాసంస్థల మెయిలు కావాలంటే మీకు సొంత డొమైన్ (వెబ్ చిరునామా) ఉండాలి. దరఖాస్తులో కార్యదర్శి సొంత జీమెయిల్ ఇస్తే ఎన్నికల తర్వాత కొత్త కార్యవర్గానికి తాళం చెవులు దొరకవు. మా దగ్గర పాత అధ్యక్షుల వారు ఊరు మారారు, పాస్‌వర్డు ఆయన పాత ఫోనులో ఉండిపోయింది. డొమైన్ కూడా సంస్థ పేరునే కొనండి. ఏటా కట్టే ఆ కొద్ది డబ్బును బడ్జెట్లో ఒక పద్దుగా రాయండి.

టెక్‌సూప్ ద్వారా వెళ్తే కొన్నింటికి పరిపాలనా రుసుము ఉంటుంది. 'ఉచితం అన్నారు కదా' అని సర్వసభ్య సమావేశంలో ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు, ముందే చెప్పేయండి.

బరంపురం రీడింగ్ రూమ్

మా పెద్దలతో మాట్లాడాను. పాఠకురాలు గారు చెప్పిన వాక్యం వినిపిస్తే, 'అది మేం ఎప్పటి నుంచో చేస్తున్నదే కదా, రాస్తే నష్టమేమిటి' అన్నారు! నేనే అనవసరంగా భయపడ్డాను. ఆడిటర్ గారూ, ఉద్దేశాల్లో ఒక వాక్యం చేర్చాలంటే ఒక సమావేశంలో తీర్మానం చాలా?

బల్లార్‌పూర్ ఆడిటర్

చాలదు. 1860 చట్టం 12వ సెక్షన్ చూడండి. ప్రతిపాదనను రాతపూర్వకంగా సభ్యులకు సమావేశానికి పది రోజుల ముందే పంపాలి. ప్రత్యేక సమావేశంలో అయిదింట మూడు వంతుల ఓట్లు రావాలి. ఆ తర్వాత ఒక నెల ఎడంతో రెండో ప్రత్యేక సమావేశం పెట్టి, హాజరైనవారిలో మళ్లీ అయిదింట మూడు వంతులతో ధ్రువపరచాలి. రెండింటి మినిట్సూ పుస్తకంలో ఉండాలి, సంతకాలతో. తర్వాత మీ రిజిస్ట్రారు దగ్గర దాఖలు చేయాలి. ఒడిశా సవరణలు ఏవైనా ఉంటే అక్కడి వకీలును ఒకసారి అడగండి.

ఎలాగూ సమావేశం పెడుతున్నారు కనుక రద్దు నిబంధన కూడా చూడండి. సంస్థ మూతపడితే మిగిలిన ఆస్తి సభ్యులకు పంచరాదని 14వ సెక్షన్ చెబుతుంది. బైలాలో ఆ మాట విడిగా ఉంటే తనిఖీవాళ్లు రెండో ప్రశ్న వేయరు.

సిరోంచ కార్యదర్శి

మాకూ ఆ వాక్యం కావాలి. మా బైలా మరాఠీలో ఉంది. ఎవరైనా తెలుగులో రాసి ఇస్తే మరాఠీ చేయించుకుంటాను.

పర్లాకిమిడి పాఠకురాలు

మేం రాసుకున్నది ఇది, వాడుకోండి:

'సంస్థ నిర్వహించే గ్రంథాలయం, పఠన మందిరం కుల, మత, లింగ, భాషా భేదం లేకుండా ఈ ప్రాంత నివాసులందరికీ తెరిచి ఉంటాయి. పఠన మందిరంలో చదువుకోవడానికి, కంప్యూటర్లు వాడుకోవడానికి రుసుము వసూలు చేయరాదు. సంస్థ ఆదాయాన్ని గానీ, రద్దయినప్పుడు మిగిలిన ఆస్తిని గానీ సభ్యులకు పంచరాదు. ఆ ఆస్తిని ఇవే ఉద్దేశాలు గల మరో సంస్థకు అప్పగించాలి.'

ధర్మాబాద్ టీచర్

రెండో వాక్యంలో కంప్యూటర్లను కలిపితే ప్రింటు తీసినందుకు రూపాయి తీసుకోవడం కూడా కుదరదేమో. కాగితం ఖర్చు ఎవరు పెట్టుకుంటారు?

పర్లాకిమిడి పాఠకురాలు

నిజమే. 'ప్రింటుకు, జిరాక్సుకు అయ్యే ఖర్చు మినహా' అని చేర్చండి.